సోఫా బాబాయీ, చెవి తెగిన పిల్లీ

ఆ వీధిలో ఎవరింట్లో సోఫా కుంగినా, కుర్చీ కిర్రుమన్నా అందరూ చెప్పే మాట ఒకటే: "సోఫా బాబాయిని పిలవండి." ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంది. ఆ బిల్లు తెచ్చే మనిషి కూడా గుమ్మంలోంచి "బాబాయ్" అనే కేకేస్తాడు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. సన్నగా, కాస్త ముందుకి వంగి, ఎదురుగా ఏది కనబడినా పొడుగూ వెడల్పూ కొలుస్తున్నట్టు చూస్తాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "పని ఉండిపోయింది" అంటాడు, ఆ పని ఇవాళో రేపో పూర్తవుతుందన్నట్టు. కింద ముందు గదిలో కొట్టు, వెనక గదిలో మంచం. మేడ మీద వాటాలో ఆయన అక్క, బావ ఉంటారు.

ఆయనకి ఎవరూ పని నేర్పలేదు. ఇరవయ్యో ఏట ఎవరో పారేసిన సోఫా ఒకటి మోసుకొచ్చి విప్పాడు. ఊడిన ప్రతి మేకునీ, ప్రతి పట్టీనీ, ప్రతి స్ప్రింగునీ నేల మీద వరసగా పేర్చుకున్నాడు. చివర ఊడింది ముందు పెట్టాలి, ముందు ఊడింది చివర పెట్టాలి. అంతే విద్య. మూడు నెలలకి సోఫా లేచి నిలబడింది. దాని మీద మొదట కూర్చున్నవాడు బావ. అరగంట కూర్చుని, "గట్టిగా ఉందోయ్" అన్నాడు. అది మెచ్చుకోలో ఫిర్యాదో ఇప్పటికీ తేలలేదు.

బావ సంగతి చెప్పాలి. ముప్పై నాలుగేళ్లు బస్సు కండక్టరుగా పనిచేశాడు. రిటైరై బస్సు దిగాడు కానీ గొంతు దిగలేదు. మేడ మీద మామూలుగా మాట్లాడితే వీధి చివర టైలరు తలెత్తి చూస్తాడు. బాబాయి అలా కాదు. పని చేసేటప్పుడు చిన్న మేకులు గుప్పెడు పెదాల మధ్య పట్టుకుంటాడు. ఒక్కొక్కటే నాలుకతో ముందుకి తోసి, అయస్కాంతం సుత్తికి అంటించి, టక్కుమని దిగేస్తాడు. నోటి నిండా మేకులున్న మనిషిని ఏమన్నా జవాబు రావాలంటే ముందు మేకులు అయిపోవాలి. ఈలోగా బావ ఇంకో నాలుగు అనేస్తాడు. ఆ ఇద్దరి స్నేహం నలభై ఏళ్లుగా ఇలాగే సాగుతోంది.

పిల్లుల గొడవలోకి బాబాయి సోఫా దారినే వచ్చాడు. పన్నెండేళ్ల కిందట ఏదో గోదాము నుంచి వచ్చిన సోఫాని బోర్లా తిప్పాడు. సోఫా అడుగున దుమ్ము పోకుండా నల్ల గుడ్డ కొడతారు. ఆ గుడ్డ చిరిగితే లోపల స్ప్రింగుల మధ్య మంచి గది దొరుకుతుంది. ఆ సంగతి మనుషులకంటే పిల్లులకి బాగా తెలుసు. ఆ గదిలో అయిదు పిల్లలు, వాటిలో రెండు మాత్రమే బతికున్నాయి. తల్లి వెతుక్కుంటూ వచ్చి కొట్టు మెట్ల కింద కాపురం పెట్టింది. ఆ ఏడాది ఇంకో రెండుసార్లు ఈనింది. మూడో కాన్పుకి ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఆ పిల్లలు నిలవలేదు. తర్వాత వారానికి తనూ నిలవలేదు. బాబాయి దాన్ని మిగిలిపోయిన రెక్సిన్ ముక్కలో చుట్టి పెరట్లో పూడ్చాడు. మర్నాడు పొద్దున్నే పాత సోఫా చట్రం ఒకటి కిందికి దించి బోను చెయ్యడం మొదలెట్టాడు.

అలాంటి బోను బజార్లో దొరకదు. లోపల అడుగు పెడితే సోఫా స్ప్రింగు కదులుతుంది, తలుపు జారుతుంది. చప్పుడుకి పిల్లి బెదరకుండా తలుపు అంచుకి స్పాంజి అతికించాడు. తోక నలగకుండా అడుగున వేలెడు సందు వదిలాడు. ఊళ్లో దిక్కులేని జంతువులకి ఆపరేషన్లు చేసే ఆసుపత్రి ఒకటుంది. బోనుతో సహా మొదటి పిల్లిని అక్కడికి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ కుడుతుంటే అద్దం తలుపు ఇవతల నిలబడి చూశాడు. ఆవిడ చేతిలో వంకర సూది. బయటికి రాగానే, "ఇలాంటి సూదే నా దగ్గరుందమ్మా, కాస్త పెద్దది" అన్నాడు.

"మీ పేషెంట్లు కదలవు, మీకేం" అందావిడ.

"నాలుగో కుట్టు కొంచెం బిగిసింది. చర్మం ముడత పడింది."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. వెనక్కి వెళ్లి నాలుగో కుట్టు చూసింది. కత్తిరించి మళ్లీ వేసింది. ఆ రోజు నుంచి బాబాయికి అద్దం తలుపు లోపలే చోటు.

ఇక బావకి పండగే. "నువ్వు పెళ్లి చేసుకోలేదు సరే, ఊళ్లో పిల్లులకి కూడా సంసారం లేకుండా చేస్తావుటోయ్?" అని మెట్ల మీంచి అడిగేవాడు.

ఎనిమిది మేకులు దిగాక జవాబు వచ్చేది. "సంసారం వద్దనలేదు బావా. సంతానం వద్దన్నాను."

"ఆపరేషన్ అయ్యాక దానికి సంసారం మీద ధ్యాస ఉంటుందా?"

బాబాయికి అబద్ధం చేతకాదు. "ఉండదుట" అనేవాడు.

"మరి?"

బాబాయి ఇంకో గుప్పెడు మేకులు నోట్లో పోసుకునేవాడు.

ఆపరేషన్ అయిన పిల్లికి ఎడమ చెవి కొస తిన్నగా కోస్తారు. మత్తులో ఉండగానే కోస్తారు కనక దానికి తెలియదు. ఇక జన్మలో ఎవరైనా ఆ పిల్లిని దూరం నుంచి చూసి, ఇది అయిపోయిన పిల్లి, దీన్ని మళ్లీ పట్టక్కర్లేదు అని వదిలేస్తారు. ఇందులో ఒక చిక్కు వచ్చింది. చెవి కోత చివర్న ఉండేది. సాయంత్రం హడావిడిలో ఒకటి రెండుసార్లు చెవి మర్చిపోయారు. అలా మర్చిపోయిన గోధుమరంగు పిల్లిని బాబాయే ఆరు నెలల తర్వాత మళ్లీ పట్టి తెచ్చాడు. కడుపు కోసి చూస్తే తియ్యడానికి ఏమీ లేదు. ఉత్తపుణ్యానికి రెండోసారి కోత.

బాబాయి రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి ఉపాయం చెప్పాడు. "గుర్తు ముందు పెట్టాలమ్మా, కత్తెర తర్వాత. బట్ట కోసేటప్పుడు నేను ముందు సుద్దతో గీస్తాను, తర్వాతే కోస్తాను. మీరూ మత్తివ్వగానే ముందు చెవి కోసెయ్యండి. ఇక మర్చిపోయే మాటే ఉండదు."

ఆవిడ ఆలోచించి బాగుందంది. ఆ రోజు బాబాయి ఇంటికొస్తూ ఒకటికి రెండు టీలు తాగాడు.

ఏడాది గడిచింది. ఒకరోజు కొట్టు గుమ్మంలో బూడిదరంగు పిల్లి ఒకటి వచ్చి కూర్చుంది. బాబాయి ముందు చెవి చూశాడు. ఎడమ చెవి కొస తెగి ఉంది, తిన్నగా, నీటుగా. తన ఆసుపత్రి కోతే. "అయిపోయిన పిల్లి" అనుకుని పనిలో పడ్డాడు. అది లోపలికొచ్చి స్పాంజి ముక్కల మీద పడుకుంది. నెల తిరిగేసరికి టీ వేళకి ఆయన ఒళ్లో పడుకోవడం మొదలెట్టింది. నూట అరవై పిల్లుల్ని పట్టిన మనిషి ఒళ్లో ఒక్క పిల్లీ అంతకుముందు పడుకోలేదు. బోను పట్టుకుని తిరిగే మనిషిని ఏ పిల్లి నమ్ముతుంది? బాబాయి టీ గ్లాసు కదపకుండా తాగడం నేర్చుకున్నాడు. దానికి బూడిద అని పేరు పెట్టాడు. పేర్లు పెట్టడంలో ఆయన విద్య అంతే.

రెండు నెలలకి బూడిద గుండ్రంగా తయారైంది.

"ఏమోయ్, నీ పిల్లి లావెక్కుతోంది" అన్నాడు బావ.

"ఆపరేషన్ అయిన పిల్లులు లావెక్కుతాయి బావా. ఒంట్లో పోరు తగ్గుతుంది, తిన్నది ఒంటబడుతుంది."

"పక్కలకి ఎక్కుతోంది."

"అలాగే ఎక్కుతాయి."

"కళ్లలో ఏదో కళ ఉంది."

"నీకు కళ్లజోడు మార్చాలి" అన్నాడు బాబాయి. ఆ ఒక్క జవాబూ మేకులు అయిపోకముందే ఇచ్చాడు, అంత ధీమా.

ఆ వారం కొట్లో స్కూలు టీచరుగారి సోఫా ఉంది. ముగ్గురు కూర్చునేది, నీలం మఖ్మల్. పనంతా అయింది, అడుగు గుడ్డ ఒక్కటే మిగిలింది. నల్ల గుడ్డ అయిపోయి, రెండు రోజులు అడుగు తెరిచే ఉంచాడు. టీచరుగారు చూసుకోవడానికి వచ్చి మధ్యలో కూర్చుంది. అటూ ఇటూ ఊగి చూసింది.

"బాగుందండీ. కానీ కుడి వైపు స్ప్రింగు కిచకిచమంటోంది."

బాబాయి మొహం మాడిపోయింది. "నా స్ప్రింగు అనదమ్మా."

"వినండి మీరే."

విన్నాడు. అంటోంది. ఒకటి కాదు, నాలుగు స్ప్రింగులు నాలుగు గొంతులతో అంటున్నాయి. బాబాయి టార్చి తీసుకుని నేల మీద వెల్లకిలా పడుకుని లోపలికి చూశాడు. లోపల్నుంచి బూడిద ఆయన్ని చూసింది. అలా చాలాసేపు పడుకునే ఉన్నాడు.

"ఏమైందండీ?" అంది టీచరుగారు పైనుంచి.

"లేవండమ్మా, నెమ్మదిగా" అన్నాడు. "మీ సోఫా ఇంకో నెలన్నర పడుతుంది."

మెట్ల మీద నుంచి బావ అంతా విన్నాడు. ఆ సాయంత్రానికి వీధంతా తెలిసింది. "ఆపరేషన్ అయిన పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. కాకపోతే ఎన్ని పెట్టేదో" అని టైలరుతో చెప్పాడు. "మా బావమరిది చేతి చలవ" అన్నాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

బాబాయి మర్నాడు తలుపులు తియ్యకముందే ఆసుపత్రి గుమ్మంలో ఉన్నాడు. డాక్టరమ్మ రాగానే, "చెవి కోశారు, పని చెయ్యలేదు. ఇదేం పద్ధతమ్మా?" అన్నాడు. అంత గట్టిగా ఆయన మాట్లాడటం ఆవిడ ఎప్పుడూ వినలేదు.

ఆవిడ పాత కాగితాలు తిరగేసింది. "బూడిద రంగు, ఆడది, కాలవ గట్టు దగ్గర పట్టింది. మీరే ఏడింటిని కలిపి తెచ్చారు. మత్తిచ్చి చెవి కోశాక ఛాతీలో గురక వినబడింది. పెదాలు నీలం తిరిగాయి. ఆపేసి లేపేశాను. ఇంజెక్షన్ చేసి, రెండు వారాలాగి మళ్లీ తెమ్మని మీతోనే చెప్పాను బాబాయిగారూ."

"నాతోనా?"

"మీతోనే. మీరు ఇంకో పిల్లి కుట్లు చూస్తున్నారు. 'సరేనమ్మా' అన్నారు."

బాబాయికి గుర్తొచ్చింది. ఆ కుట్లు నిజంగా బాగా పడ్డాయి. ఏడు పిల్లుల్నీ ఎక్కడివక్కడ వదిలేశాడు. తర్వాత ఎప్పుడైనా కాలవ గట్టు మీద బూడిద కనబడితే చెవి చూసి ఉంటాడు, అయిపోయిందనుకుని ఉంటాడు.

డాక్టరమ్మ నెమ్మదిగా అంది. "తప్పు నాదీ ఉంది, మీ మాట బాగుందని ఒప్పుకున్నాను. మీ సుద్ద గీత చెయ్యాల్సిన పనికి గుర్తు. మా చెవి కోత అయిపోయిన పనికి గుర్తు. రెండూ ఒకటి కాదు కదా. ఇక నుంచి చెవి చివర్నే. మర్చిపోకుండా ఇంకో మనిషిని పెట్టుకుంటాను."

"దీని సంగతి?"

"పాలిస్తోంది కదా, పిల్లలు సొంతంగా తినడం మొదలెట్టాక, ఆరో వారంలో తెండి. ఆలస్యం చేస్తే మళ్లీ చూలు కడుతుంది. పాలిస్తూ కూడా కడతాయి."

ఇంటికొచ్చి బాబాయి నేరుగా బావ ముందు నిలబడ్డాడు. "తప్పు నాదే బావా. చెవి ముందు కొయ్యమన్నది నేను, మళ్లీ తెమ్మంటే మర్చిపోయిందీ నేను."

బావ ఇంకా వారానికి సరిపడా వెటకారం దాచుకుని ఉన్నాడు. ఎదుటివాడు ఒప్పేసుకుంటే దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలియలేదు. కాసేపు గొంతు సవరించుకుని, మామూలు మనిషిలా మాట్లాడాడు.

"అయితే ఒక మాట విను. దాన్ని బోనులో పట్టావు. సూది పొడిపించావు. చెవి కోయించావు. అంత చేసినా వచ్చి నీ ఒళ్లోనే పడుకుంది. నువ్వే వాడివని తెలియక పడుకుంది. ఈసారి నీ చేతుల్తో తీసుకెళితే తెలుస్తుంది. వదిలెయ్యవోయ్. ఒక్కదాన్ని వదిలేస్తే ఊరు మునగదు."

బాబాయి మేకుల డబ్బా కోసం తడుముకున్నాడు. నోట్లో ఒక్క మేకైనా లేదు.

ఆరు వారాలు గడిచాయి. పిల్లలు నాలుగూ అన్నం తింటున్నాయి, స్పాంజి పీకుతున్నాయి, కొలత టేపుతో కుస్తీ పడుతున్నాయి. టీచరుగారు తన సోఫా చూసే వంకన రోజూ వచ్చి, రెండింటిని ఖాయం చేసుకుంది. పెద్దయ్యాక ఆపరేషన్ చేయిస్తానని ఆసుపత్రి కాగితం మీద సంతకం కూడా పెట్టింది. డాక్టరమ్మ ఫోన్ చేసింది. "ఈ వారం రెక్సిన్ లోడు వస్తోందమ్మా" అన్నాడు బాబాయి. ఏడో వారం వచ్చింది. "పిల్లలు ఇంకా చిన్నవమ్మా" అన్నాడు. ఎనిమిదో వారంలో ఆవిడ ఫోన్ మోగితే చేతికి గమ్ము అంటిందని ఎత్తనే లేదు.

ఈలోగా మేడ మీద బాల్కనీలో వేరే కథ నడుస్తోంది. ఊరి మీద తిరిగే మగపిల్లి ఒకటుంది. తలకాయ లడ్డంత, బుగ్గలు రెండూ పొంగి, నడకలో తొందర ఉండదు. బావ దాన్ని 'పెద్దాయన' అని పిలుస్తాడు. రోజూ రెండు పూటలా చేప ముక్కలు పెడతాడు. పెద్దాయన చేప తిని, మూతి తుడుచుకుని, మెట్లు దిగి కొట్టు గుమ్మం ముందు కూర్చుంటాడు. బూడిద నేల మీద దొర్లి, కొత్త గొంతుతో అరవడం మొదలెట్టింది.

ఒక మధ్యాహ్నం అక్క ఆరిన బట్టలు పట్టుకుని కొట్లోకి వచ్చి, టీచరుగారి సోఫా మీదే కూర్చుని మడతలు పెట్టడం మొదలెట్టింది. ఆవిడ తక్కువ మాట్లాడుతుంది. ఆ ఇంట్లో మాట్లాడే కోటా అంతా భర్తే వాడేసుకున్నాడు.

"తమ్ముడూ, ఎన్ని పిల్లుల్ని పట్టావు?"

"నూట అరవై పైన."

"ఒక్కసారైనా చెయ్యి వణికిందా?"

"లేదక్కా."

"అవేవీ నీ ఒళ్లో పడుకోలేదు కనక. అయితే అప్పుడు చేసింది తప్పన్నా అవ్వాలి, ఇప్పుడు చెయ్యకపోవడం తప్పన్నా అవ్వాలి. రెండూ ఒప్పేలా ఎలా కుడతావురా?"

బాబాయి చేతిలో కత్తెర కింద పెట్టేశాడు. ముప్పై ఎనిమిదేళ్ల పనిలో అంత తిన్నని కోత ఆయన చూడలేదు.

బావ మెట్లు దిగొచ్చాడు. "పాపం, ఆడది. కడుపు కోయించుకోవాలి. నీకు జాలి లేదుటే?"

"ఉంది. మగదానికి కడుపు కొయ్యక్కర్లేదుట, పది నిమిషాల పనిట. మీ పెద్దాయన్ని తీసుకెళ్లండి."

"ఛఛ. వాడు మగాడు. వాడికో దర్జా ఉంది, వీధిలో వాడికో పరువు ఉంది..."

అక్క దిండు గలీబు ఒకటి దులిపి మడిచింది. "మనింట్లో ఆపరేషన్ ఎవరు చేయించుకున్నారండీ?"

బావ గుమ్మం వైపు చూశాడు.

"రెండో పిల్ల పుట్టాక మగవాళ్లకైతే సులువని డాక్టరు చెప్పింది" అంది అక్క, తమ్ముడి వైపు తిరిగి. "ఈయన సెలవు పెట్టారు. సంచీ సర్దుకుని వెళ్లారు. ఆసుపత్రిలో బెంచీ మీద అయిదో నంబరు. నాలుగో నంబరుని పిలిచేసరికి ఈయనకి డ్యూటీ గుర్తొచ్చింది."

"ఆ రోజు నిజంగానే డ్యూటీ ఉంది" అన్నాడు బావ.

"సెలవు పెట్టిన రోజున." అక్క ఇంకో గలీబు తీసింది. "పై వారం నేను వెళ్లాను. ఎనిమిది రోజులు మంచం మీదున్నాను. పాపం, మంచం పక్కన కూర్చుని నాకు ధైర్యం బాగా చెప్పారు."

బావ గోడకి ఆనించిన చెక్క చట్రాన్ని అదేదో కొత్త వస్తువన్నట్టు పరీక్షగా చూశాడు. బాబాయి ఆయన్ని కాపాడబోయాడు. "ఒక్క మగదానికి చేస్తే చాలదక్కా. ఊళ్లో ఇంకా ఉన్నాయి. ఆడదానికి చెయ్యక తప్పదు."

"చెయ్యొద్దన్నానా? రెండింటికీ చెయ్యమన్నాను. ఒకళ్లు బల్లెక్కుతుంటే ఇంకొకళ్లు బాల్కనీలో చేప తింటూ కూర్చోవడం బాలేదన్నాను." బట్టలెత్తుకుని వెళ్లిపోయింది.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే బావ కొట్లోకి వచ్చి, "ఏదీ, నీ బోనివ్వు" అన్నాడు. చేతులకి అప్పటికే రెండు చోట్ల గీతలు పడ్డాయి. బోను లేకుండా ప్రయత్నించి చూసినట్టున్నాడు.

బూడిదకి బోను అక్కర్లేకపోయింది. ఆపరేషన్ కనక రాత్రి నుంచీ దానికి తిండి పెట్టలేదు. అయినా టీ వేళకి అలవాటుగా వచ్చి బాబాయి ఒళ్లో పడుకుంది. ఆయన టీ మొత్తం తాగాడు. పక్కనున్న బుట్ట మూత తీసి, దాన్ని రెండు చేతుల్తో ఎత్తి లోపల పెట్టాడు. అది గింజుకోలేదు, గీకలేదు. కొత్త పరుపేదో చూపిస్తున్నాడనుకుని సర్దుకుని కూర్చుంది. గీకి ఉంటే ఆయనకి తేలిగ్గా ఉండేది.

ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లారు. వరండాలో పొడుగాటి బెంచీ. గేటు వైపు కొసన అక్క కూర్చుంది. "నాకు డ్యూటీ ఏం లేదు, సాయంత్రం దాకా ఉంటాను" అంది ఎవరూ అడక్కుండానే. బావ మధ్యలో, ఒళ్లో బోనుతో. బోనులోంచి పెద్దాయన ఊరందర్నీ తిడుతున్నాడు.

ముందు పెద్దాయన్నే పిలిచారు. బావ లేచి నిలబడ్డాడు. ఒక్క క్షణం గేటు వైపు చూశాడు. అక్క తన చేతిసంచీలో ఏదో వెతుక్కుంటోంది. బావ బోను ఎత్తుకుని లోపలికి నడిచాడు. చూడటానికి తనకే ఆపరేషన్ అన్నట్టున్నాడు. చొక్కా పై గుండీ కూడా పెట్టుకున్నాడు.

పావుగంట కాకుండానే బయటికొచ్చాడు. వెనకాలే డాక్టరమ్మ, చేతిలో గుడ్డలో చుట్టిన పెద్దాయన. నాలుక కొస బయటికి వేళ్లాడుతోంది, దర్జా తగ్గలేదు.

"అయిపోయిందా?" అన్నాడు బావ.

"అయిపోయిందండీ."

"అంతేనా?"

"అంతే."

బావ భార్య వైపు తిరిగాడు. అక్క గోడ మీద కుక్కల టీకాల బొమ్మని శ్రద్ధగా చదువుతోంది. నలభై ఏళ్ల సంసారంలో ఆవిడ ఒక్క మాటా అనకుండా అంత చెప్పడం ఆయనెప్పుడూ వినలేదు.

తర్వాత బూడిద. మామూలుగా బాబాయి అద్దం తలుపు లోపల నిలబడి కుట్లు చూస్తాడు. ఆ రోజు బెంచీ మీదే కూర్చున్నాడు. బావ ఆయన పక్కకి జరిగాడు.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ తొడుగులున్న చేతులు గాల్లోకి ఎత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "చూలు కట్టింది బాబాయిగారూ. రెండు వారాలుంటుంది, ఇంతింత ఉన్నాయి. తొలగించకుండా ఇప్పుడైనా కుట్టెయ్యొచ్చు. మీరు చెప్పండి. తొందరగా చెప్పాలి."

రెండు వారాలు. ఆ లెక్క బాబాయికి వెంటనే తెలిసింది. ఒకటి రెక్సిన్ లోడు వారం, ఇంకోటి పిల్లలు చిన్నవన్న వారం. ఆరో వారంలో తెచ్చి ఉంటే ఈ ప్రశ్న పుట్టేదే కాదు. జాలి అనుకుని తను చేసిన ఆలస్యం ఇప్పుడు ఆ బల్ల మీద ఉంది.

"చెయ్యండమ్మా" అన్నాడు బాబాయి. మళ్లీ అన్నాడు. "చెయ్యండి."

తలుపు మూసుకుంది.

"నేనైనా అదే అనేవాణ్నోయ్" అన్నాడు బావ చాలా నెమ్మదిగా. ఆయన గొంతు అంత కిందికి దిగుతుందని ఎవరికీ తెలియదు.

"మీరు అనేవారు కాదు" అంది అక్క. "కానీ ఇప్పుడన్నారు. చాలు."

పెద్దాయన మర్నాటికే చేపకి వచ్చేశాడు, ఏమీ జరగనట్టు. బూడిద పది రోజులు వెనక గదిలో ఉంది. బాబాయి మంచం దానికిచ్చి తను నేల మీద పడుకున్నాడు. కుట్లు మానాయి. పదకొండో రోజు తలుపు తీశాడు. అది బయటికొచ్చి ఒళ్లు విరుచుకుంది. స్పాంజి ముక్కల వైపు చూడలేదు, టీ గ్లాసుతో తయారుగా కూర్చున్న ఆయన ఒడి వైపూ చూడలేదు. నేరుగా మేడ మెట్లన్నీ ఎక్కి వెళ్లి బావ ఒళ్లో పడుకుంది.

బావ బాల్కనీలోంచి కిందికి చూశాడు. "చూశావుటోయ్. ఎవరు మంచివాళ్లో పిల్లికి తెలుసు."

"తెలీదు" అంది అక్క లోపల్నుంచి. "అందుకే మీ దగ్గరికొచ్చింది."

పిల్లలకి ఇళ్లు కుదిరాయి. రెండు టీచరుగారితో సోఫాతో పాటే వెళ్లాయి. ఒకటి టైలరు దగ్గరుంది. నాలుగోది బావ దగ్గరే. ఆసుపత్రి కాగితం మీద ఆయనే సంతకం పెట్టాడు. ఈమధ్య వీధిలో ఎవరైనా పిల్లిని తెచ్చుకుంటే మెట్ల మీంచి పిలిచి మరీ చెబుతున్నాడు: "భయపడకండి, పావుగంట పని. దగ్గరుండి చేయించినవాణ్ని చెబుతున్నాను."

బాబాయికి వాదించే తీరిక లేదు. మేడకి పధ్నాలుగు మెట్లున్నాయి. మొదటి రోజు చేప పళ్లెం పై మెట్టు మీద పెట్టి కిందికొచ్చేశాడు. బూడిద తింది. రెండో రోజు దాని కింది మెట్టు మీద పెట్టాడు. రోజుకొక మెట్టు. అడుగున బోను లేదు, ఒక పాత దిండు, దాని పక్కన తను కూర్చునే స్టూలు, అంతే. ఏడు రోజులకి పళ్లెం సగం మెట్లు దిగింది.

అక్కడే ఆగిపోయింది. బాబాయి మధ్యాహ్నం మేకులు కొనడానికి బజారుకి వెళ్లినప్పుడల్లా, బావ చెప్పుల చప్పుడు కాకుండా దిగి, పళ్లాన్ని ఒక మెట్టు పైకి జరుపుతున్నాడు. తిరిగొచ్చి బాబాయి ఏమీ అనకుండా ఒక మెట్టు కిందికి జరుపుతున్నాడు. ఇద్దర్నీ అక్క వంటగది కిటికీలోంచి చూస్తూనే ఉంది. నాలుగు రోజులుగా పళ్లెం ఏడో మెట్టుకీ ఎనిమిదో మెట్టుకీ మధ్య తిరుగుతోంది. జరిపినప్పుడల్లా ఇద్దరూ ఇంకో ముక్క వేస్తున్నారు కనక బూడిదకి ఏ తొందరా లేదు.